ఎండలో పెట్టి చూసిన రంగు

ట్యూబులైటు కింద చూసిన రంగును నేను నమ్మను. ఎవరు ఒట్టేసి చెప్పినా నమ్మను. వరంగల్ చౌరస్తా దగ్గర మ్యాచింగ్ సెంటర్ నడుపుతున్నదాన్ని. చీర పట్టుకొచ్చిన ఆడవాళ్ళకు దానికి తగ్గ జాకెట్ గుడ్డ, ఫాల్, లైనింగ్ వెతికి ఇవ్వడం నా పని. దుకాణంలో లైటు కింద చీరా జాకెట్టూ ఎంతో సఖ్యంగా కలిసిపోతాయి. అవే రెండూ చేత పట్టుకుని మెట్లు దిగి ఎండలోకి వచ్చామా, ఒకటి ఎర్రగా, ఇంకొకటి గులాబీగా తేలి, ఒకదానికొకటి పరిచయమే లేనట్టు మొహాలు పెడతాయి. అందుకని నా దగ్గర ఏ గుడ్డ ముక్కైనా గడప దాటి ఎండ చూసి రావాల్సిందే. తొందరలో ఉన్నవాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనీ. పెళ్ళిలో పదిమంది ముందు నగుబాటయ్యేది వాళ్ళే కదా.

ఈ గుణం మా నాన్న నుంచి వచ్చింది. ఆయన కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. రంగు వేసిన నూలు ఎవరు తెచ్చినా వెంటనే మగ్గం ఎక్కించేవాడు కాదు. ఒక చిలప, అంటే నూలు కట్ట, తడిపి, సగం ఎండలో, సగం చూరు నీడలో పడేట్టు వేలాడదీసేవాడు. సాయంత్రం ఆ రెండు సగాలనూ పక్కపక్కన పెట్టి చూసి, అప్పుడు నోరు విప్పేవాడు. తెచ్చినవాడు సొంత తమ్ముడైనా అంతే. బాబాయి అలిగి అన్నం తినకుండా వెళ్ళిపోయిన రోజులు కూడా ఉన్నాయి. ఆస్తి అంటూ నాన్న నాకేమీ ఇవ్వలేదు గానీ ఈ అనుమానం మాత్రం దండిగా ఇచ్చిపోయాడు.

కాబట్టి డాబా మీద డెక్కు, అంటే పలకల నేల, వేయిద్దామని మా ఆయన అన్నప్పుడు నాకు ముందు వచ్చింది సంతోషం కాదు.

మా ఆయన ధాన్యం దుకాణంలో గుమాస్తాగా చేసి, ఇప్పుడు ఇంటి పట్టున ఉంటున్నాడు. షుగర్ ఉంది. మాత్రలు వేసుకున్నానని అంటాడు. నేను అట్ట తీసి చూసుకుంటాను. ఏటా ఎండాకాలం హనుమాన్ మాల వేసుకుంటాడు. మాలలో ఉన్న మండలం రోజులూ కాషాయం బట్టలు, ఒంటిపూట భోజనం, నేల మీద పడక, చెప్పుల్లేని నడక, చివర అంజన్న గుట్టకు కాలినడకన పోయి మాల విరమణ. మా ఇంటి పైన ఒక గది ఉంది, పూజ అక్కడే చేస్తాడు. గది ముందు ఖాళీ డాబా. తోటి స్వాములు వచ్చి భజన చేసేదీ, భిక్షకు, అంటే మధ్యాహ్నం భోజనానికి కూర్చునేదీ ఆ డాబా మీదే. ఉగాది దాటిందంటే ఆ సిమెంటు మీద కాలు మోపలేం. పైన షామియానా కట్టినా కింద నుంచి సెగ తన్నుకొస్తుంది. స్వాములు వచ్చేముందు నేను బకెట్లకు బకెట్లు నీళ్ళు కుమ్మరించి, తడి గోనెసంచులు పరిచేదాన్ని. వాళ్ళు చేతులు కడుక్కునేలోపే అవి ఎండిపోయేవి.

నా అవస్థ చూడలేకే డెక్కు అన్నాడని మీరనుకోవచ్చు. నేను అనుకోలేదు. చెక్కపొడీ ప్లాస్టిక్కూ కలిపి పోసిన పొడవాటి పలకలట. కింద ఫ్రేము బిగించి పైన వరుసగా పరుస్తారట. చూడటానికి చెక్క నేలలా ఉంటుందట, చెద పట్టదట, వానకు ఉబ్బదట. ఇన్ని మంచి గుణాలు ఒక్క ఊపిరిలో చెప్పాడంటేనే ఎవరో చెప్పి పంపారని తెలిసిపోయింది. ఎవరో కాదు, నెక్కొండ బడిలో మా ఆయనతో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్న మనిషి. ఆయన హన్మకొండ రోడ్డులో ఈ పలకల షోరూం పెట్టాడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మాల వేసుకున్న మనిషిని ఇంట్లో అందరూ ‘స్వామీ’ అని పిలవాలి. కట్టుకున్నదాన్నైనా నాకు మినహాయింపు లేదు. గొంతు పెంచకూడదు, ఎదురు చెప్పకూడదు. ఆ రోజుల్లో నేను మింగే మాటలకే నాకు కడుపు నిండిపోతుంది. అందుకని ఈ రంగు సంగతి ఏదైనా మాల మెడలో పడకముందే తేలాలి. తర్వాత పోట్లాడదామన్నా వీలుండదు.

షోరూంకు వెళ్ళాం. లోపల ఏసీ. గోడ నిండా పలకల ముక్కలు, ఒక్కోదాని కింద ఒక్కో ఇంగ్లీషు పేరు. వాల్‌నట్ అంటే నల్లటి కాఫీ రంగు. చార్‌కోల్ అంటే బొగ్గు. శాండ్ అంటే మన ఇసుక. ఇంకా బూడిద రంగు, టేకు రంగు. మా ఆయన గోడ మొత్తం చూడనైనా చూడలేదు. నేరుగా వెళ్ళి వాల్‌నట్ ముందు నిలబడ్డాడు, పిల్లను ముందే ఖాయం చేసుకుని పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా. వీళ్ళిద్దరూ ముందే మాట్లాడుకున్నారని నాకు అక్కడే అర్థమైంది.

ఎండకు వేడెక్కదా అని అడిగాను. ఆ స్నేహితుడు నవ్వి, ఒక ముక్క తీసి నా అరచేతిలో పెట్టాడు. చల్లగా ఉంది. ఏసీలో పెడితే ఇస్త్రీపెట్టె కూడా చల్లగానే ఉంటుంది.

"ఏదైనా అంతనే చెల్లె," అన్నాడు. "సరుకంత ఒక్కటే, రంగొక్కటే తేడా. మీరు జర ఫికర్ చెయ్యకుండ్రి."

రంగొక్కటే తేడా అని నాతో అంటాడు! నాకు అన్నం పెడుతున్నదే ఆ తేడా. పైగా చెల్లె అన్నాడు. అమ్మేవాడు వరస కలిపాడంటే నా చెయ్యి దానంతటదే పర్సు జిప్పు మూయడానికి పోతుంది. నాకు వేలెడు ముక్కలు వద్దు, మనిషి నిలబడేంత పలకలు కావాలి, మా డాబా మీద ఎండలో పెట్టి చూసుకుంటాను అన్నాను. ఆయన తల గోక్కున్నాడు. అంత పెద్దవి శాంపిల్ ఇవ్వరట, ఇప్పటిదాకా ఎవరూ అడగలేదట. మా ఆయన మధ్యలో దూరి, వాడు తన చిన్నప్పటి దోస్తని, ఇంత చాదస్తం పనికిరాదని నన్ను పక్కకు లాగబోయాడు. నేను కదల్లేదు. మనిషి నిలబడేంత పలక చేతికి వచ్చేదాకా ఏ రంగుకూ ఊ అనేది లేదని చెప్పి బయటికి వచ్చాను.

వచ్చేటప్పుడు స్కూటరు మీద మా ఆయన పాట మొదలుపెట్టాడు. "గా కాఫీ రంగే ఉండనీ. సింధూరం పడ్డా, నూనె పడ్డా కనవడది. ఇసుక రంగు మీద ఒక్క చుక్క పడ్డదంటె జన్మల పోదు."

మాట సబబే. ఆంజనేయుడికి సింధూరం నూనెలో కలిపి పూస్తాం. పూజగదిలో గచ్చు మీద పడిన మరకలతో నేను ఏళ్ళ తరబడి కుస్తీ పడుతున్నాను. కానీ ఇంటి మరకల గురించి మా ఆయన ఏనాడు ఆలోచించాడు? అన్నం తిన్న కంచం ఎక్కడ పెట్టాలో తెలియని మనిషికి ఇవాళ నా తుడుపు మీద ఇంత జాలి ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరో నేర్పిన మాటలే ఇవి అనుకున్నాను.

ఆ వారంలోనే ఇంకొకటి జరిగింది. దోస్తును కలిసి టీ తాగి వస్తానని స్కూటరు మీద వెళ్ళిన మనిషి ఒక కాలికే చెప్పుతో తిరిగొచ్చాడు. వాకిట్లో బండి దిగి, లోపలికి వచ్చి, మంచినీళ్ళు తాగి కుర్చీలో కూర్చున్నాడు. రెండో చెప్పేదీ అని నేను అడిగాక గానీ కాళ్ళ వైపు చూసుకోలేదు. చూసుకుని, ఎక్కడో జారిపోయినట్టుందిలే అని టీవీ పెట్టాడు.

ఇది నమ్మే మాటేనా? కాలి నుంచి చెప్పు ఊడిపోతే తెలియకుండా హన్మకొండ రోడ్డు నుంచి మా ఇంటిదాకా బండి నడుపుకుంటూ వచ్చే మనిషి ఉంటాడా? బండి ఆపిన ప్రతి సిగ్నల్ దగ్గరా కాలు కింద పెట్టాడు కదా. నా చెవిలో పువ్వులు కనిపిస్తున్నాయా? అక్కడేదో చేసి, కంగారులో లేచి వచ్చాడు, చెప్పు సంగతి మర్చిపోయాడు. వాల్‌నట్‌కు అడ్వాన్సు ఇచ్చేసి ఉంటాడు. లేదంటే పలకలు ఎక్కడో దించి కూడా ఉంటారు. అలా తోచినకొద్దీ నా ఒళ్ళు మండింది.

మర్నాడు ఫోను వస్తే వరండాలోకి వెళ్ళి మాట్లాడాడు. మా ఇంట్లో ఫోను కోసం ఎవరూ వరండాలోకి వెళ్ళరు. నేను తలుపు చాటున నిలబడి, మడతపెట్టిన చీరనే మళ్ళీ మడతపెడుతూ చెవి ఒగ్గాను. అవతలి మాట వినపడలేదు. ఇవతలిది మాత్రం బాగానే వినపడింది.

"ఆమెకు చెప్పకురా," అంటున్నాడు.

ఇంక నాకు సాక్ష్యం కావాలా? కట్టుకున్న మొగుడు, వాడి దోస్తు కలిసి ఒక పలక రంగు దగ్గర నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నారు. డబ్బు పోతే పోయింది, మళ్ళీ వస్తుంది. రంగు విషయంలో నన్ను మోసం చేద్దామనుకోవడమే నాకు కొరుకుడు పడలేదు. ఆ రాత్రి కూరలో ఉప్పు వేయడం మర్చిపోయాను. మా ఆయన మాట్లాడకుండా తిన్నాడు. అది కూడా నాకు అనుమానంగానే తోచింది.

ఆదివారం పొద్దున ఆ స్నేహితుడే ఆటోలో నాలుగు పొడవాటి పలకలు వేసుకుని వచ్చాడు. వాల్‌నట్, చార్‌కోల్, బూడిద, ఇసుక. నా పోరు పడలేక కంపెనీ వాళ్ళను బతిమాలి తెప్పించాడట. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు కూడా ఉంది. అది అరుగు మీద పెట్టి, మా ఆయన వైపు ఒకసారి చూసి, పైకి వెళ్ళాడు. నేను కవరు విప్పాను. మా ఆయన చెప్పు. షోరూం ముందు బండి ఎక్కుతుండగా ఊడిపోయిందట. వెనక నుంచి కేకేసినా వినపడనట్టు వెళ్ళిపోయాడట. సరే, చెప్పు నిజంగానే జారిపోయింది. మరి ఆమెకు చెప్పకురా అన్నది దేని గురించి?

పలకలను డాబా మధ్యలో వరుసగా పరిపించాను. ఏ నీడా పడకుండా, ట్యాంకు నీడ కూడా తగలకుండా నేనే నిలబడి జరిపించాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక ముగ్గురం పైకి వెళ్ళాం. ఆ వేళకు ఆకాశం తెల్లగా ఉంది, వీధిలో కుక్క కూడా లేదు. నేను చెప్పులు విప్పి ముందు ఇసుక రంగు పలక మీద నిలబడ్డాను. వేడే, కాదనను. కానీ గుక్కెడు మంచినీళ్ళు తాగేంతసేపు నిలబడగలిగాను. బూడిద రంగు మీద కాళ్ళు మార్చి మార్చి పెట్టాల్సి వచ్చింది. వాల్‌నట్ మీద పాదం మోపీ మోపగానే నిప్పు తొక్కిన కోతిలా ఎగిరి గంతేసి, గది గుమ్మంలో పడ్డాను. చార్‌కోల్ జోలికి పోనేలేదు.

"చూశారా?" అన్నాను ఇద్దరినీ. గెలిచానన్న సంతోషంతో నా గొంతు వీధికి వినపడి ఉంటుంది.

మా ఆయన చెప్పులు విడిచి, తాపీగా వెళ్ళి వాల్‌నట్ మీద నిలబడ్డాడు. రెండు పాదాలూ ఆన్చి, చేతులు వెనక్కి కట్టుకుని, నిమ్మకు నీరెత్తినట్టు నిలబడ్డాడు.

"ఏం కాలుతలేదు. మంచిగనే ఉన్నది," అన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎంత నటన! దోస్తు సరుకు అమ్ముడుపోవడానికి అరికాళ్ళు కాల్చుకోవడానికైనా సిద్ధపడ్డాడు. పళ్ళు బిగబట్టాడేమోనని దవడ వైపు చూశాను. బిగబట్టలేదు. కాలి వేళ్ళు ముడుచుకున్నాయేమోనని చూశాను. ముడుచుకోలేదు. నుదుట చెమట కూడా మామూలుగానే ఉంది. పక్క డాబా మీది పావురాలను చూస్తున్నాడు. ఉండు, ఎంతసేపు నటిస్తావో చూస్తానని నేను చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

అప్పుడు ఆ స్నేహితుడు బూట్లు విప్పాడు. సాక్సులు విప్పాడు. ఇన్నేళ్ళుగా ఈ పలకలు అమ్ముతున్నా ఎండలో ఒట్టి కాళ్ళతో ఎన్నడూ నిలబడి చూడలేదని, తనూ చూస్తానని మా ఆయన పక్కన పాదం పెట్టాడు. పెట్టీ పెట్టగానే అబ్బా అని వెనక్కి దూకి, నా పక్కకు వచ్చి ఒంటికాలి మీద నిలబడి అరికాలు రుద్దుకున్నాడు. అమ్మేవాడే నిలబడలేకపోయాడు. నేను ఆయన మొహం చూశాను. ఆయన నన్ను చూడటం లేదు, మా ఆయన పాదాల వంక చూస్తున్నాడు.

"నేనైతె నిలవడలేకపోయిన చెల్లె," అన్నాడు మెల్లగా. "వాడెట్ల నిలవడ్డడు?"

అంతసేపూ నేను మా ఆయన మొహంలో దొంగతనం వెతుకుతున్నాను. ఆ మొహంలో ఏమీ లేదు. దాచడానికి అక్కడ నొప్పే లేదు. దిగు, దిగు అని అరుస్తూ వెళ్ళి చెయ్యి పట్టి లాగాను. ఏమైందే నీకు అంటూ వచ్చాడు. గది లోపల నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, పాదం ఎత్తి చూశాను. అరికాలు ఎర్రగా కందిపోయింది. మడమ దగ్గర ఎప్పటిదో పాత గాయం, మానీ మానక నల్లగా ఉంది. అది ఎప్పుడైందని అడిగితే, ఏ గాయం అని నన్నే అడిగాడు.

"కండ్లు మూసుకో," అన్నాను. "ఏ వేలు పట్టుకున్ననో చెప్పు."

ఏం ఆటలే అని నవ్వి కళ్ళు మూసుకున్నాడు. నేను బొటనవేలు పట్టుకున్నాను. ఏమీ అనలేదు. ఇంకొంచెం నొక్కాను. గోరు ఆనేలా నొక్కాను. మా ఆయన కళ్ళు మూసుకుని, చిరునవ్వుతో, గడ్డం కొంచెం పైకెత్తి, ఓపికగా కూర్చున్నాడు.

"పట్టుకో మరి. ఎంతసేపు మూసుకోవాలె?" అన్నాడు.

ఆ మాటకు స్నేహితుడు గోడ వైపు తిరిగిపోయాడు. నేను వేలు వదల్లేదు. వదిలితే ఏదో తెగిపోతుందని భయం వేసింది. కళ్ళు తెరిచి, నా చేతిలో ఉన్న తన కాలిని చూసుకుని, మా ఆయన నవ్వు మెల్లగా ఆపేశాడు.

తర్వాత ఒక్కొక్కటే బయటికి వచ్చింది. చెప్పు ఊడిన రోజు వెనక నుంచి కేకేసిన స్నేహితుడికి అనుమానం వచ్చి, ఒకసారి దవాఖానలో చూపించుకొమ్మని ఫోను చేశాడు. ఆమెకు చెప్పకురా అన్నది దానికి. ఎందుకు చెప్పొద్దన్నావని నేను నిలదీశాను. తల వంచుకుని, కందిన అరికాలిని తడుముకున్నాడు. దోస్తు ముందు చెప్పడానికి సిగ్గుపడుతున్నాడేమో అనుకున్నాను. సిగ్గు కాదు.

"పోయినేడు గుట్టకు నడుసుకుంట పోయినప్పుడు అందరి కాళ్ళు బొబ్బలెక్కినయి," అన్నాడు. "నాకు రోడ్డు సల్లగనే ఉండె. అంజన్న దయ సూసిండనుకున్న. గసొంటియి బయట చెప్పుకోవద్దంటరు."

నాకు గుర్తుకొచ్చింది. ఆ ఏడు గుట్ట నుంచి తిరిగొచ్చాక అరికాళ్ళ నిండా బొబ్బలు. ఈయనకూ ఉన్నాయి, అందరికంటే ఎక్కువే ఉన్నాయి. నేను కొబ్బరినూనె రాస్తుంటే అమ్మా అబ్బా అనలేదు. ఎంత ఓర్పో అనుకున్నాను. తోటి స్వాములు కూడా ఈయన భక్తిని మెచ్చుకున్నారు. ఏడాది పొడుగునా మా ఆయన ఆ సంగతిని ఎవరికీ చెప్పకుండా, తనకూ దేవుడికీ మధ్య ఉన్న రహస్యంలా గుండెల్లో దాచుకుని తిరిగాడు. నేను మాత్రం అడ్వాన్సు ఎప్పుడిచ్చాడా అని తలుపు చాటున నిలబడ్డాను.

దవాఖానలో డాక్టరమ్మ సన్నటి తీగ లాంటిది తీసి ఒక్కో వేలికీ ఆనించి అడిగింది. షుగర్ వల్ల నరాలు మొద్దుబారాయని, వేడీ నొప్పీ తెలియవని, చిన్న గాయం కనిపెట్టకపోతే వేలు తీసేయాల్సి రావచ్చని, అంతటితో ఆగకపోవచ్చని చెప్పింది. ఇంట్లో కూడా చెప్పుల్లేకుండా అడుగు పెట్టొద్దంది. రోజూ ఎవరైనా పాదాలు చూడాలంది. పోయిన స్పర్శ తిరిగొస్తుందా అని నేను అడిగితే, ఉన్నదాన్ని కాపాడుకుందాం అమ్మా అంది. మా ఆయన అడిగింది ఒక్కటే. మాల వేసుకోవచ్చా అని. ఆమె నా మొహం చూసింది. నేను కిటికీ చూశాను.

మాల వేసే గురుస్వామి దగ్గరికి నేనే వెళ్ళాను. పెద్దాయన అంతా విని, దేహం కూడా స్వామిదే కదా తల్లీ, బట్ట చెప్పులు తొడిగించు, దోషం లేదు అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. నా ఏడుపు చూడలేక అన్నాడేమోనని ఇంకోసారి అడిగాను. అదే చెప్పాడు. మెత్తటి కాన్వాసు చెప్పులు కొని, జారిపోకుండా మడమ చుట్టూ నాడా కుట్టించాను. కాషాయం రంగు నాడా. దుకాణంలో ఉన్న కాషాయం గుడ్డలన్నీ మెట్ల మీద ఎండలో పరుచుకుని, ఆయన పంచెకు సరిగ్గా కలిసేదాన్ని ఏరాను.

డెక్కు మాల వేసుకునేలోపే పడింది. ఇసుక రంగే. పలకలు దిగిన రోజు ప్రతి కట్టా విప్పించి శాంపిల్ పక్కన ఎండలో పెట్టి చూశాను. ఒక కట్ట కొద్దిగా పచ్చగా తేలింది, తిప్పి పంపాను. ఆ స్నేహితుడే దాన్ని ఆటో ఎక్కించి తీసుకుపోయాడు. ఇప్పుడు షోరూంలో గుమ్మం బయట ఎండలో అన్ని రంగుల పలకలూ పరిచి ఉంచాడట, కొనేవాళ్ళను చెప్పులు విప్పి నిలబడి చూడమంటున్నాడట. నిజమో కాదో తెలియదు, ఒకరోజు పోయి చూడాలి.

మాల వేసిన మూడోనాడే సింధూరం గిన్నె ఒలికింది. ఇసుక రంగు మీద అరచేయంత మరక, మా ఆయన చెప్పినట్టే ఏం పెట్టి రుద్దినా పోలేదు. ఆయన నా వైపు చూశాడు. నేను ఏమీ అనలేదు, అనకూడదు కూడా.

సాయంత్రం ఎండ వాలాక ఆ డెక్కు మీద పీట వేసి కూర్చోబెట్టి, చెప్పులు విప్పి, పాదాలు చూస్తాను. వేళ్ళ సందులు, మడమలు, గోళ్ళ పక్కన. చెప్పుల్లోపల కూడా చెయ్యి పెట్టి రాయేదైనా ఉందా అని తడుముతాను. స్వామి పాదాల దగ్గర అంతసేపు వంగి ఉంటే పక్క డాబా వాళ్ళు నాకు భక్తి ముదిరిందనుకున్నారు. ఒకావిడ మా వాళ్ళతో ఆ మాట అన్నది కూడా. అనుకోనీ. చూడటం అయ్యాక మా ఆయనే కళ్ళు మూసుకుంటాడు. ఏ వేలో అడుగు అంటాడు. నేను పట్టుకుంటాను. చెప్పలేడు. రేపు చూద్దాం అంటాడు. రోజూ ఇదే.

మాల విరమణకు ఇంకా కొన్ని రోజులున్నాయనగా ఒక సాయంత్రం, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. పలకలు ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి. నేను మడమలకు రాయగా చేతికి అంటిన నూనెను కొంగుకు తుడుచుకుంటున్నాను. ఏ వేలినీ ఇంకా పట్టుకోలేదు.

"తెలుస్తాంది," అన్నాడు హఠాత్తుగా. కళ్ళు తెరవలేదు. మొహమంతా విచ్చుకుంది. "ఇగో, తెలుస్తాంది. బొటనవేలు. బొటనవేలే గదా?"

నా రెండు చేతులూ నా కొంగులోనే ఉన్నాయి. ఆయన పాదం ఒంటరిగా, సింధూరం మరక పక్కన, పలక మీద ఉంది. ఇన్నేళ్ళ వ్యాపారంలో ఎంత పెద్దింటి వాళ్ళు వచ్చినా, ఎంత తొందరపెట్టినా, కలవని రంగును కలిసిందని నేను ఒక్కరికి కూడా చెప్పి పంపలేదు.

"అవును స్వామీ," అన్నాను. "బొటనవేలే."

అని, ఆయన కళ్ళు తెరిచేలోపు గబుక్కున దాన్ని పట్టుకున్నాను.